నిదానమునకు జుల్మానా

పొలమును పాలికిచ్చిన ఆసామి పంట పండిననాడు కళ్లమునకు వచ్చి తన పాలు కొలిపించుకొనును. పంట యెండిననాడు అతని పాలును దానితోడనే యెండును. ఇది మన పల్లెలలో అక్షరము రానివాడును ఎరిగిన ధర్మము. పరాయి పాలనలో సైతము, రైత్వారీ సీమలందు నీరందక మాగాణి యెండిన యేట శిస్తు తగ్గించు పద్ధతి యొకటి యుండెడిది. మన స్వతంత్ర భారతమునందలి ఆదాయపు పన్ను శాసనము మాత్రము మదుపుదారుని విషయమున ఈ ధర్మమును సగమే పాటించుచున్నది. లాభము వచ్చిననాడు ప్రభుత్వము పాలివాడు. నష్టము వచ్చిననాడు పొరుగువాడు. అందులోను, తొందరపడి అమ్మి నష్టపోయినవానికి దొరకు న్యాయము ఓపికపట్టి నష్టపోయినవానికి దొరకకుండుట మరింత విపరీతము. ఈ విపరీతమును గురించియే నేడు నాలుగు మాటలు వ్రాయబూనితిమి.

శాసనము చెప్పునది యిది. స్టాకు ఎక్స్ఛేంజీలో నమోదైన వాటాలను 12 మాసములకు మించి యుంచుకొని అమ్మినచో అది దీర్ఘకాలికము. అంతకు లోపల నమ్మినచో స్వల్పకాలికము. ఇండ్లకు, ఇండ్ల స్థలములకు ఈ గడువు 24 మాసములు. 2024 జూలై 23 నుండి, నమోదైన వాటాలపై స్వల్పకాలిక లాభమునకు పన్ను నూటికి 20 రూపాయలు. దీర్ఘకాలిక లాభమునకు, ఏటా 1,25,000 రూపాయలు మినహాయించి, నూటికి 12½ రూపాయలు. ఇంతవరకు బాగుగనే యున్నది. సొమ్ము నిలిపినవానికి తక్కువ, చేతులు మార్చినవానికి ఎక్కువ. నిదానమే ప్రధానమని శాసనమే బోధించుచున్నట్లున్నది.

కాని నష్టము దగ్గరకు వచ్చునప్పటికి త్రాసు తలక్రిందులగుచున్నది. స్వల్పకాలిక నష్టమును స్వల్పకాలిక లాభములోనైనను, దీర్ఘకాలిక లాభములోనైనను తగ్గించుకొనవచ్చును. దీర్ఘకాలిక నష్టమునో, దీర్ఘకాలిక లాభములో మాత్రమే తగ్గించుకొనవలెను. అట్టి లాభము లేనిచో ఎనిమిదేండ్లు ఆ నష్టమును మోయవచ్చును. అటుపిమ్మట అది చెల్లని కాసు. జీతములో గాని వ్యాపారాదాయములో గాని ఈ రెండు నష్టములలో దేనిని తగ్గించుకొనుటకును వీలులేదు.

ఇద్దరిని తలచుకొందము. ఇద్దరును పన్ను కట్టవలసినంత జీతము గలవారే. ఒకడు ఒక కంపెనీ వాటాలను 11 మాసములుంచి లక్ష రూపాయలు నష్టపోయినాడు. రెండవవాడు అవే వాటాలను 13 మాసములుంచి లక్షయే నష్టపోయినాడు. అదే యేట ఇద్దరికిని వేరొక వాటాపై లక్ష రూపాయల స్వల్పకాలిక లాభము వచ్చినది. ఇద్దరి చేతను మిగిలినది సున్నయే. అయినను మొదటివాడు కట్టవలసిన పన్ను సున్న. రెండవవాడు కట్టవలసినది, సెస్సు గాక, 20,000 రూపాయలు. రెండు మాసములు ఎక్కువ ఓర్చుకొన్న పాపమునకు ఇరువదివేల జుల్మానా! నిదానమే ప్రధానమన్న బోధ యేమైనది?

ఈ చిక్కు నేటిది కాదు. 2004 అక్టోబరు నుండి 2018 మార్చి వరకు ఎక్స్ఛేంజీలో అమ్మిన వాటాల దీర్ఘకాలిక లాభముపై పన్నే లేకుండెను. లాభమునకు పన్ను లేదు గనుక నష్టమునకు లెక్క లేదని పన్ను శాఖవారి వాదము. ఆ కాలముననే, 2009 జనవరి 7వ తేదీన, హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు రామలింగరాజుగారు తమ లెక్కలు బూటకములని లేఖ వ్రాసిరి. ఆ యొక్క దినముననే వాటా విలువలో ముప్పాతికకు పైగా మాయమైనది. కొన్ని మాసముల క్రిందట కొని ఆ వారమున అమ్మినవాని నష్టము లెక్కకు వచ్చినది. మన ఊరి సంస్థ యను అభిమానముతో ఏండ్ల తరబడి పట్టుకొని ఆ వారముననే అమ్ముకొన్నవాని నష్టము శాఖవారి లెక్కలో నష్టమే కాదు! అయినను ఆనాటి వాదములో ఒక పొందిక కలదని ఒప్పుకొందము. పన్ను లేనిచోట తగ్గింపు లేదనిరి, సరి. 2018 ఏప్రిల్ నుండి పన్ను తిరిగి వచ్చినది గదా! పన్ను వచ్చినప్పుడు తగ్గింపు నిండుగా రావలదా? అది సగమే వచ్చినది.

ఆ సగమును కొన్నియెడల చేతికందదు. వెనుకటి యేండ్ల దీర్ఘకాలిక నష్టము 1,20,000 రూపాయలు మోసికొని వచ్చినవానికి ఈ యేట దీర్ఘకాలిక లాభము 1,20,000 వచ్చినదనుకొందము. నష్టమే లేకున్నను ఆ లాభము మినహాయింపు పరిమితికి లోబడినదే, పన్ను లేదు. కాని శాసనము ముందుగా నష్టమును లాభములో కలిపివేయును, మినహాయింపును ఆ పిమ్మటనే చూచును. పైసా మేలు చేయకయే నష్టము ఖర్చైపోవును. ఇంగ్లండులో వెనుకటి నష్టమును మినహాయింపు మేరకు దిగువనున్న లాభముపై వ్యర్థము చేయరు. వారి శాసనములనుండి ఎన్నింటినో అరువు తెచ్చుకొన్న మనవారికి ఈ యొక్క న్యాయము కంటికి కనబడలేదు కాబోలు.

గోరుచుట్టుపై రోకలిపోటన్నట్లు, సెక్యూరిటీల లావాదేవీల పన్ను మరియొకటి కలదు. వాటాలను చేతికి తీసికొను బేరమున కొనునప్పుడును అమ్మునప్పుడును నూరు రూపాయలకు పది పైసల చొప్పున కట్టవలెను. లాభమో నష్టమో అది అడుగదు. పోనీ, అట్లు కట్టిన సొమ్మును మూలధన లాభనష్టముల లెక్కలో ఖర్చుగా చూపవచ్చునా? వలదని శాసనము. ఇక గడువు దాటి రిటర్ను వేసినవాని సంగతి. అతని లాభమును ఆలస్య రుసుముతో, వడ్డీతో స్వీకరింతురు. అతని ఆ యేటి మూలధన నష్టమును ముందు యేండ్లకు మోసికొనిపోనీయరు. ఆలస్యముగా వచ్చిన లాభము చెల్లును, ఆలస్యముగా వచ్చిన నష్టము చెల్లదు! ఎద్దు పుండు కాకికి ముద్దా యని పెద్దలూరక అనలేదు.

ప్రభుత్వ పక్షమువారు చెప్పు సమాధానమును దాచము. దీర్ఘకాలిక లాభముపై పన్ను తక్కువ. ఆ నష్టమును ఎక్కువ పన్ను గల స్వల్పకాలిక లాభములో తగ్గించినచో ఖజానాకు లోటు వచ్చునందురు. వాదము వినుటకు ఇంపుగనే యున్నది. అట్లయిన ఎదురు త్రోవను చూడుడు. నూటికి 20 విలువ గల స్వల్పకాలిక నష్టమును నూటికి 12½ పన్ను గల దీర్ఘకాలిక లాభములో తగ్గించినప్పుడు లోటు మదుపుదారునిది, మిగులు ఖజానాది. ఆ త్రోవను బార్లా తెరచియుంచిరి. ఖజానాకు లోటు వచ్చు త్రోవకు మాత్రము తాళము వేసిరి. ఇది సూత్రము కాదు, చేతివాటము.

లోటే భయమైనచో దానికి ఉపాయము లేకపోలేదు. 12½కును 20కిని గల పాలు 5కును 8కిని గల పాలే. దీర్ఘకాలిక నష్టమున 8 రూపాయలను స్వల్పకాలిక లాభమున 5 రూపాయలుగా లెక్కింతురు గాక. మేము పైని చెప్పిన రెండవవాని లక్ష నష్టము అప్పుడు 62,500 అగును. మిగిలిన 37,500పై అతడు 7,500 రూపాయలు కట్టును. ఖజానాకు కాసు లోటు లేదు, మదుపుదారునికి అన్యాయము లేదు. బడిపిల్లవాడు చేయగల ఈ లెక్కను చేయుటకు ఆర్థిక మంత్రాంగమునకు తీరిక దొరకలేదా?

మార్చి మాసమున నష్టమునకమ్మి మరునాడే కొనుక్కొను తంత్రములు పెరుగునని మరియొక భయము. అమెరికాలో స్థిరపడిన మనవారిని అడిగిన చెప్పెదరు. అక్కడ అమ్మకమునకు ముందుగాని వెనుకగాని 30 దినములలో అదే వాటాను కొన్నచో ఆ నష్టమును అప్పటికి లెక్కింపరు. దీర్ఘకాలిక నష్టము స్వల్పకాలిక లాభమును తగ్గించును. ఇంకను మిగిలినచో ఏటికి 3,000 డాలర్ల వరకు జీతములోను తగ్గించుకొనవచ్చును. ఆపై మిగిలినదానిని గడువు లేక మోసికొనిపోవచ్చును. ఆ 3,000 డాలర్ల పరిమితి 1978 నుండి పెరుగలేదు గనుక ఆ దేశమును ఆదర్శమనము. కాని తంత్రమును తంత్రమునకు తగిన నిబంధనతో నరికట్టవచ్చునని మాత్రము అది రుజువు చేయుచున్నది. దొంగ యొకడున్నాడని ఊరందరి తలుపులకును బయటినుండి గొళ్లెము పెట్టుదురా?

ఇది ధనికుల గోల, మనకేల యనువారును కలరు. ఆ కాలము పోయినది. దేశమున డీమ్యాట్ ఖాతాలు 2022 ఆగస్టు నాటికే 10 కోట్లు దాటినవి. కరీంనగరములో ఉపాధ్యాయుడు, భీమవరములో చిల్లర వర్తకుడు, విశాఖలో ఉక్కు కార్మికుడు నెలనెల వేయింతలు వేయి రూపాయలు మ్యూచువల్ ఫండులలో వేయుచున్నారు. ధనికునికి ఆడిటరు గలడు; 12వ మాసము నిండకముందే నష్టమునమ్మించి స్వల్పకాలికము చేయించును. దెబ్బ తగులునది ఆ కిటుకు తెలియని సామాన్యునికే.

1961 నాటి శాసనమును మార్చి, 2026 ఏప్రిల్ 1 నుండి అమలు కావలెనని 2025లో క్రొత్త ఆదాయపు పన్ను శాసనమును చేసిరి. భాషను సులభము చేసితిమని చెప్పుకొనిరి. భాష సులభమైనది, అన్యాయము యథాతథముగ నున్నది. మేము కోరునది దానము కాదు. దీర్ఘకాలిక నష్టమునకు తగిన పాళ్లలో స్వల్పకాలిక లాభమున చోటు; మినహాయింపు పిమ్మటనే వెనుకటి నష్టము లెక్క; లావాదేవీల పన్నుకు ఖర్చులలో స్థానము; ఆలస్యమునకు రుసుమే గాని నష్టహరణము కాకుండుట. ఈ నాలుగే.

అంతవరకు పాఠకులు చేయవలసినది రెండు పనులు. నష్టము వచ్చిన యేట రిటర్నెందుకని ఊరకుండక గడువులోపల వేసి ఆ నష్టమును నమోదు చేయించుకొనుడు. ఓటడుగ వచ్చిన పార్లమెంటు సభ్యుని ఈ ప్రశ్న యడుగుడు: అయ్యా, మా లాభములో పాలు పుచ్చుకొను ప్రభుత్వము మా నష్టము నెందుకు ఎరుగదు? పాలివాడనిపించుకొనదలచినచో ఎండిన యేటను కూడ కళ్లమునకు రావలెను.