బాలింత కూలీకి పాలిచ్చే విరామం ఇవ్వాలి

గేదెను ఒక పూట పిండకపోతే ఏమవుతుందో పాడి ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. పొదుగు గట్టిపడుతుంది, వాపు వస్తుంది. ఆ రోజే పశువుల డాక్టరుకు ఫోను వెళ్తుంది. మనిషిని పశువుతో పోల్చాలని మేం ఈ మాట అనడం లేదు. అదే చేలో పనిచేసే బాలింతకు రొమ్ము వాచి జ్వరం వస్తే వారం దాకా ఎవరికీ తెలియడం లేదే అన్నదే మా బాధ.

నాట్లు, కలుపు, పత్తి తీత, మిరప కోత ఎక్కువగా ఆడవాళ్ల చేతుల మీదే నడుస్తాయి. నాలుగు నెలల బిడ్డను అత్త దగ్గర వదిలి పొద్దున్నే ఆటో ఎక్కిన తల్లి ఇల్లు చేరేసరికి సాయంత్రం అవుతుంది. అన్ని గంటలూ పాలు రొమ్ములోనే నిలిచిపోతాయి. రొమ్ము గట్టిపడి ఎర్రబడుతుంది, చలిజ్వరం వస్తుంది. చనుమొన పగిలి ఉంటే అక్కడి నుంచి సూక్ష్మజీవులు లోపలికి చేరతాయి. అశ్రద్ధ చేస్తే చీము పట్టి గడ్డవుతుంది.

మొదట్లోనే చూసుకుంటే ఇది సులువుగా తగ్గే జబ్బు. బిడ్డకు పాలు పట్టడం ఆపకూడదు. బిడ్డ తాగలేకపోతే చేత్తో మెల్లగా పిండి తీసేయాలి. గట్టిగా పిసికితే వాపు పెరుగుతుంది. చల్లని గుడ్డ వేస్తే ఉపశమనం ఉంటుంది. ఒక రోజులో తగ్గకపోయినా, జ్వరం ఎక్కువగా ఉన్నా డాక్టరుకు చూపించాలి. పాలిచ్చే తల్లులు వాడదగ్గ యాంటీబయాటిక్స్ ఉన్నాయి. డాక్టరు చెప్పినన్ని రోజులూ వాడాలి. జ్వరం తగ్గింది కదా అని మధ్యలో మానేస్తే మళ్లీ తిరగబెడుతుంది.

చీము పట్టాక ఒక్క మాత్రలతోనే తగ్గదు. చీము తీయాల్సిందే. స్కానింగ్‌లో చూస్తూ, మత్తు సూది ఇచ్చి, సిరంజితో చీము లాగేస్తారు. అవసరమైతే రెండు మూడుసార్లు తీస్తారు. గడ్డ పెద్దదైతే, పైచర్మం పలచబడితే చిన్న కోత పెడతారు. చాలా పీహెచ్‌సీల్లో స్కానింగ్ ఉండదు కాబట్టి ఏరియా ఆసుపత్రికో జిల్లా ఆసుపత్రికో వెళ్లాలి. ఆకుపసరు పూసి వారం చూడటం, ఊళ్లో ఎవరి చేతనో బ్లేడుతో కోయించుకోవడం ప్రమాదం.

‘చీము పాలు బిడ్డకు విషం’ అని రెండు రొమ్ములూ మాన్పించే ఇళ్లున్నాయి. పొదుగువాపు వచ్చిన గేదె పాలు పారబోస్తాం కాబట్టి ఇక్కడా అంతే అనుకుంటారు. అది పొరపాటు. రెండో రొమ్ము పాలు ఎప్పుడూ ఆపక్కర్లేదు. వాచిన వైపు కూడా తాగించవచ్చు. కోత చనుమొన దగ్గర ఉండి బిడ్డ నోరు పెట్టలేకపోతే ఆ నాలుగు రోజులు పిండి తీసేస్తే చాలు. హఠాత్తుగా పాలు మాన్పిస్తే గడ్డ ఇంకా ముదురుతుంది. డబ్బా పాల ఖర్చు, బిడ్డకు విరేచనాల భయం అదనం.

ఇక హక్కుల సంగతి. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం రాసింది. అది ఫ్యాక్టరీలు, గనులు, పెద్ద ప్లాంటేషన్లు, దుకాణాల్లో పనిచేసేవారికే. పరాయి చేలో కలుపు తీసే తల్లి అందులో లేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో మాత్రం, పనిచోటికి ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు వస్తే వాళ్లను చూసుకునేందుకు ఒక మహిళను కూలి ఇచ్చి పెట్టాలని రాశారు. ఎన్ని పనిచోట్ల అలా పెట్టారో మన సభ్యులకే బాగా తెలుసు.

చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మన సంఘంలో కూలికి వెళ్లేవాళ్లూ ఉన్నారు, కూలి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఇది మన చేతిలోని పని. చిక్కు ఎక్కడుందంటే, నాట్లు ఎకరం గుత్తకు, పత్తి కిలోల లెక్కన నడుస్తాయి. ఒకరు గంట ఆగితే మిగతా ముఠా మీద భారం పడుతుంది. అందుకే ఆ తల్లి అడగలేదు. గుత్త మాట్లాడుకునే రోజే మేస్త్రితో, ముఠాతో, రైతుతో కలిపి తేల్చుకోవాలి: పాలిచ్చే తల్లికి రోజుకు రెండు విరామాలు, పూర్తి వాటా. ఆ గంట ఖరీదు రైతు భరించాలి. గిట్టుబాటు ధర లేని రైతుకు ఇదీ బరువేనని మాకు తెలుసు. అయినా ఒక మనిషి వారం మంచాన పడితే పోయే పని ఆ గంట కన్నా ఎక్కువే. చేను దూరమైతే మధ్యాహ్నం బిడ్డను బండి మీద తెచ్చే ఏర్పాటు చేయాలి. అదీ కుదరకపోతే పాలు పిండుకోవడానికి నీడ, చాటు, చేతులు కడుక్కోవడానికి నీళ్లు ఉంచాలి.

ప్రభుత్వాన్ని మేం అడిగేవి మూడు: పాలిచ్చే విరామం హక్కు వ్యవసాయ కూలీకీ వర్తింపజేయాలి, 2013 ఆహార భద్రత చట్టంలో రాసిన కనీసం 6,000 రూపాయల ప్రసూతి సాయం మెలికలు లేకుండా ప్రతి తల్లికీ ఇవ్వాలి, ఏరియా ఆసుపత్రుల్లో ఈ గడ్డకు స్కానింగ్, చికిత్స వారమంతా అందాలి.

సిగ్గుతో దాచుకునే జబ్బు కాబట్టి మొదటి మాట మనమే ఎత్తాలి. వచ్చే గ్రామ కమిటీ సమావేశానికి ఆశా కార్యకర్తను పిలవండి, ఆడవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టండి, ఈ సీజను గుత్త ఒప్పందంలో పాలిచ్చే విరామం రాయించండి.