అటక మీది స్టీరియోను దించండి

ఏళ్ల తరబడి అటక మీదో, దుప్పటి కప్పి ఓ మూలనో పడి ఉన్న స్టీరియో సెట్టును మళ్లీ హాల్లోకి తెచ్చి పాట పెట్టినవాళ్లు ‘ఈ పాటలో ఇంత ఉందా’ అని ఆశ్చర్యపోతుంటారు. దాన్ని పాతరోజుల మీద మమకారమని తీసిపారేయడం తేలిక. అదే నిజమైతే ఆ సెట్టు ఎన్నడూ ఎరుగని నిన్నటి సినిమా పాట పెట్టినప్పుడు ఆ ఆశ్చర్యం కలగకూడదు. కలుగుతుంది. కారణం చెవిలోనే ఉంది. గోరంత ఫోను స్పీకరు బేస్ గిటారు మోతకో, మృదంగం ఎడమవైపు నాదానికో సరిపడా గాలిని కదపలేదు. అయినా లోటు తెలియదు. అడుగు శ్రుతి వినపడకపోయినా, దాని పైన పలికే అనుస్వరాల అమరికను బట్టి మెదడు దాన్ని తనే ఊహించుకుంటుంది. స్వరం ఏదో తెలుస్తుంది గానీ, దాని బరువు ఒంటికి తగలదు. ఏళ్లపాటు ఈ ఊహతోనే సరిపెట్టుకున్న చెవికి అసలు నాదం ఎదురైతే ఉలిక్కిపడదా మరి!

బరువు ఒక్కటే కాదు, చోటు కూడా పోగొట్టుకున్నాం. ఒక చప్పుడు రెండు చెవులకూ చేరడంలో తేడా సెకనులో వెయ్యోవంతుకన్నా తక్కువే. ఆ కాస్త తేడా, రెండు చెవుల్లో మోత హెచ్చుతగ్గులు కలిసి దిక్కును పట్టిస్తాయి. ఇంగ్లండులో ఇ.ఎం.ఐ. ఇంజినీరు అలన్ బ్లమ్‌లైన్ 1931లో పేటెంటుకు పెట్టిన స్టీరియో విధానానికి పునాది ఇదే. రెండు స్పీకర్ల నడుమ, ఏ పెట్టె లేని ఖాళీలో గాయకుడు నిలబడి పాడుతున్నట్టుంటుంది. ‘గీతాంజలి’ (1989) పాటలను ఒక్క బ్లూటూత్ డబ్బాలోంచి వింటే ఇళయరాజా వాద్యాలకు చూపిన చోట్లన్నీ ఒకదాని మీద ఒకటి కుప్పపడతాయి. ఇందులో బ్లూటూత్ తప్పేమీ లేదు, అది రెండు చానళ్లనూ మోసుకొస్తుంది. ఒక్కటే స్పీకరున్న బుల్లి డబ్బా వాటిని కలిపేస్తుంది. ఘంటసాల పాత సినిమా పాటలు మోనోలో రికార్డయినవి కనుక వాటికి స్టీరియో వెడల్పునివ్వదు. పెద్ద స్పీకర్లలో ఆ గొంతుకు నిండుదనం మాత్రం వస్తుంది.

మంచి ఇయర్‌ఫోన్లు చాలవా అంటారు. సూక్ష్మమైన వివరాలకు అవి బాగా పనికొస్తాయి, కొన్నిట్లో బేస్ కూడా దండిగానే ఉంటుంది. అయితే పాట ఎదురుగా కాక తల లోపల మోగుతుంది, పైగా ఇంట్లో నలుగురూ నాలుగు లోకాల్లో ఉంటారు. అపార్ట్‌మెంట్లలో పక్కవాళ్లు ఊరుకోరన్నది ఇంతకన్నా గట్టి అభ్యంతరం. దానికి జవాబు పాత యాంప్లిఫయర్ల మీదే ఉండేది. మోత తగ్గేకొద్దీ చెవికి బేస్ మరీ తక్కువగా వినిపిస్తుందని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే చూపారు. ఆ లోటు పూడ్చడానికే ‘లౌడ్‌నెస్’ మీట పెట్టారు. పేరు చూసి మోత పెంచడానికని పొరబడతాం గానీ, అది నెమ్మదిగా వినేవాళ్ల కోసం పెట్టింది. ఖర్చు సంగతా? క్యాసెట్ డెక్‌లో బెల్టు సాగి ఉండొచ్చు, స్పీకరు అంచున ఫోమ్ పొడిపొడిగా రాలుతుండొచ్చు. మెకానిక్ చేతిలో రెండూ బాగుపడేవే. డెక్ మూలపడినా యాంప్లిఫయర్ పనిచేస్తే ఫోనుకు చిన్న బ్లూటూత్ రిసీవర్‌తో లంకె వేయొచ్చు.

నిజానికి అప్పట్లోనూ చాలామంది స్టీరియో కొన్నారే గానీ స్టీరియో వినలేదు. గల్ఫ్ నుంచి ఎంతో మోజుగా తెచ్చుకున్న సెట్ల బాక్సులు కూడా షోకేసులో పక్కపక్కనే ఇరుక్కునేవి, లేదంటే ఒకటి హాల్లో, ఒకటి వరండాలో. ఈసారి రెంటినీ ఆరేడు అడుగుల ఎడంలో, కూర్చున్నవాళ్ల చెవి ఎత్తులో ఉంచి, వాటికి ఎదురుగా అంతే దూరంలో కుర్చీ వేసుకోవాలి.