అరచేతి దినచర్య యంత్రాలు: మూడు వ్యవస్థలు, ఒక పరీక్ష

మా పెదనాన్నగారి పెద్దబ్బాయి తెనాలిలో బీమా ఏజెంటు. 2001లో ఆయన అరచేతిలో ఇమిడే ఎలక్ట్రానిక్ దినచర్య యంత్రం ఒకటి కొన్నాడు. నాలుగు వందల మంది పాలసీదారుల పేర్లు, ఫోను నంబర్లు, ప్రీమియం కట్టవలసిన తేదీలు అన్నీ నెల రోజులపాటు కూర్చుని, చిన్న ప్లాస్టిక్ పుల్లతో దానిలోకి ఎక్కించాడు. పని పూర్తికాగానే పాత డైరీలను పాత కాగితాలవాడికి వేసేశాడు.

మరుసటి వేసవిలో కుటుంబంతో కాశీయాత్రకు బయలుదేరుతూ, ప్రయాణంలో ఎక్కడ పోతుందోనన్న భయంతో ఆ యంత్రాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. అప్పటికే బ్యాటరీ సగానికి దిగి ఉన్నదట. ఐదు వారాల తరువాత తిరిగి వచ్చి చూస్తే అది పూర్తిగా అయిపోయింది. కొత్త సెల్స్ వేసి మీట నొక్కాడు. యంత్రం చక్కగా మేల్కొని, కొన్ననాటిలాగే, ఈ రోజు తేదీ ఎంత అని ఆయననే అడిగింది. లోపల ఒక్క పేరు లేదు. "ప్రాణం వచ్చిందిరా, జ్ఞాపకమే రాలేదు" అన్నాడు నాతో ఫోనులో.

ఆయనను ఆదుకున్నది వంటింటి గోడ మీది క్యాలెండరు. ఇంటికి వచ్చి చెప్పిపోయినవారి పేర్లను మా వదిన ఆయా తేదీల గళ్ళలో పెన్సిలుతో రాసి పెట్టుకునేది. ఆ గళ్ళ సాయంతో, ఆఫీసు కాగితాల సాయంతో చాలావరకు పూడ్చుకోగలిగాడు. కాని ఒక ఆటో డ్రైవరుకు గడువు గుర్తు చేసేవారు లేకపోయారు. అతని పాలసీ లాప్స్ అయింది. దానిని తిరిగి నిలబెట్టడానికి అయిన ఆలస్య రుసుమును అన్నయ్య తన జేబులోనుంచి కట్టాడు. ఆ రెండు నెలల్లో ఆ డ్రైవరుకు ఏమీ జరగలేదు కనుక సరిపోయింది. జరిగి ఉంటే?

ఆ యంత్రాలు నేడు దుకాణాలలో లేవు. అయినా వాటి కథ తెలుసుకోదగినది. ఎందుకంటే అన్నయ్య చేసిన పనినే నేడు మనమందరం, అంతకు వంద రెట్లు నమ్మకంతో చేస్తున్నాము.

పోటీ కాగితంతో

యంత్రం శరీరమైతే, దానిని నడిపే బుద్ధిని ఆపరేటింగ్ సిస్టం అంటారు. పెళ్ళివారింట పెత్తనం చేసే పెద్దమనిషి వంటిదది. తెర మీద ఏది కనిపించాలి, బ్యాటరీని ఎంత పొదుపుగా వాడాలి, రాసిన అక్షరాన్ని ఎక్కడ దాచాలి, ఒకేసారి ఎన్ని పనులు జరగనివ్వాలి, ఇవన్నీ దాని నిర్ణయాలే. పైకి ఒకేలా కనిపించే రెండు యంత్రాలు రెండు తీరుల ప్రవర్తించడానికి కారణం ఇదే.

ఈ రంగానికి ఆద్యులలో బ్రిటన్‌కు చెందిన సయాన్ కంపెనీ ఒకటి. 1984లోనే అది ఆర్గనైజర్ అనే పేరుతో జేబు యంత్రాన్ని విడుదల చేసింది. ఆ తరువాత 1993లో అమెరికాలోని ఆపిల్ కంపెనీ న్యూటన్ మెసేజ్‌ప్యాడ్‌ను తెచ్చింది. తెర మీద మామూలు చేతిరాతతో రాస్తే చాలు, యంత్రమే చదువుకుంటుందన్నది దాని వాగ్దానం. వాగ్దానం గొప్పదే కాని, తొలి యంత్రాలు ఒకటి రాస్తే మరొకటి చదివాయి. వార్తాపత్రికల వ్యంగ్యచిత్రాలు సైతం వాటిని గేలి చేశాయి. తరువాతి నమూనాలు ఎంతో మెరుగుపడినా ఆ అపకీర్తి తొలగలేదు. 1998 ఫిబ్రవరిలో ఆపిల్ న్యూటన్‌ను నిలిపివేసింది.

న్యూటన్ పాఠాన్ని బాగా చదివినవాడు జెఫ్ హాకిన్స్. ఆయన 1992లో పామ్ కంప్యూటింగ్ సంస్థను స్థాపించాడు. కొత్త యంత్రాన్ని తయారు చేయడానికి ముందు, అనుకున్న కొలతలకు ఒక చెక్కముక్కను కోయించి, దానిని చొక్కా జేబులో వేసుకుని తిరిగేవాడు. ఎవరైనా ఫలానా రోజు తీరికేనా అని అడిగితే ఆ చెక్కను బయటకు తీసి, పుల్లతో దాని మీద రాస్తున్నట్లు నటించేవాడు. ఎన్నిసార్లు తీయవలసి వస్తుంది, ఏ పనికి తీయవలసి వస్తుంది అన్నది ఆయన పరిశీలన. తన యంత్రానికి పోటీ పెద్ద కంప్యూటరుతో కాదు, కాగితపు డైరీతో అని ఆయన గ్రహించాడు. డైరీ తెరవడానికి ఒక్క క్షణం పడుతుంది. యంత్రం అంతకన్న ఆలస్యం చేస్తే ఎవరు కొంటారు?

పొదుపరి పామ్

1996లో వెలువడిన పైలట్ యంత్రంలో చూడబోతే ఏమీ లేదు. ప్రాసెసర్ వేగం 16 మెగాహెర్ట్జ్. తక్కువ ధర నమూనాలో జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లు మాత్రమే. నలుపు తెలుపుల చదరపు తెర మీద అడ్డంగా 160, నిలువుగా 160 చుక్కలు. దానికి కావలసినవి రెండు సన్న పెన్సిల్ సెల్స్. అవి వారాల తరబడి వచ్చేవి.

ఇంత తక్కువతో అంత పని ఎలా జరిగింది? పామ్ ఓఎస్ ఒక సమయంలో ఒకే పనిని తెర మీద ఉండనిచ్చేది. చిరునామాల పుస్తకం తెరిస్తే క్యాలెండరు మూసుకుంటుంది. కాని ఎక్కడ వదిలామో అక్కడే మళ్ళీ తెరుచుకుంటుంది. రాసినది భద్రపరచమని ప్రత్యేకంగా ఆజ్ఞ ఇవ్వనక్కరలేదు. ప్రతి చిరునామా జ్ఞాపకంలో ఏ చోట ఉన్నదో ఆ చోటనే దిద్దబడుతుంది. నకలు తీసి, దిద్ది, తిరిగి పెట్టే శ్రమ లేదు. అందువలననే మీట నొక్కిన క్షణంలో పేరు కంటి ముందు నిలిచేది.

చేతిరాత విషయంలో పామ్ మరొక తెలివి చూపింది. మనిషి రాతను యంత్రానికి నేర్పడం మాని, యంత్రానికి సులభమైన రాతను మనిషికి నేర్పింది. గ్రాఫిటీ అనే ఆ లిపిలో దాదాపు ప్రతి రోమన్ అక్షరానికీ ఒకే గీత. అడ్డగీత లేని "ఏ" అక్షరం తలకిందులైన "వి"లా ఉంటుంది. కొద్ది సేపటి సాధనతో చేయి అలవాటు పడేది.

లోపాలు లేకపోలేదు. ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రాము చోటులోకి చొరబడకుండా అడ్డుకునే గోడ పామ్ ఓఎస్‌లో లేదు. ఎవరో సరిగా రాయని ఒక చిన్న ఆట మొత్తం యంత్రాన్ని స్తంభింపజేయగలదు. అప్పుడు యంత్రం వెనుకనున్న రంధ్రంలో గుండుసూది వంటిది గుచ్చి మళ్ళీ మొదలుపెట్టవలసిందే.

సంపన్న విండోస్

మైక్రోసాఫ్ట్ కంపెనీ 1996 నవంబరులో విండోస్ సీఈని ప్రవేశపెట్టింది. దాని తత్త్వం వేరు. బల్ల మీది కంప్యూటరుకు అలవాటు పడిన ఉద్యోగి అదే పరిసరాన్ని జేబులో కోరుకుంటాడని దాని ఊహ. అదే స్టార్ట్ మీట, అవే ఫైళ్ళు, అవే ఉత్తరాలు, పద్దుల పట్టికలు. ఒకేసారి 32 ప్రక్రియల వరకు నడపగలదు. వాటి మధ్య రక్షణ గోడలున్నాయి. ఒకటి చెడినా తక్కినవి చెడకూడదన్నది సంకల్పం. అక్షరాలను లోపల యూనికోడ్ పద్ధతిలో దాచడం దానిలోని మరొక దూరదృష్టి.

తొలి యంత్రాలు చిన్న కీబోర్డులతో, మందకొడిగా ఉండేవి. 2000 ఏప్రిల్‌లో పాకెట్ పీసీ అనే కొత్త రూపం వచ్చాక పరిస్థితి మారింది. ఆ సంవత్సరమే కాంపాక్ కంపెనీ తెచ్చిన ఐపాక్ యంత్రంలో 206 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 32 మెగాబైట్ల జ్ఞాపకం, రంగుల తెర ఉండేవి. పాటలు వినవచ్చు, బొమ్మలు చూడవచ్చు.

ఐశ్వర్యానికి వెల ఉంటుంది. పామ్ వారాలు నడిస్తే ఇది గంటల లెక్కన నడిచి ఛార్జింగు అడిగేది. పైగా ఒక విచిత్రం: ప్రోగ్రామును మూయడానికి మూలనున్న గుణకారపు గుర్తును నొక్కితే అది మూసుకున్నట్లు కనిపించేదే కాని నిజానికి వెనుక నడుస్తూనే ఉండేది. నాలుగైదు అలా పోగుపడితే యంత్రం నీరసించేది. జ్ఞాపకంలో దాచుకునేందుకు ఎంత, పని చేసేందుకు ఎంత అని వాడేవాడే పంచుకోవలసిన సందర్భాలూ వచ్చేవి.

మధ్యేమార్గం

ఈ ఇద్దరి కలహంలో మూడవవాడిని చాలామంది మరిచిపోయారు. 1997లో సయాన్ తన సిరీస్ 5 యంత్రానికి ఎపాక్ అనే వ్యవస్థను సమకూర్చింది. దానిలో అనేక పనులు ఒకేసారి సాగేవి, రక్షణ గోడలు ఉండేవి. అయినా రెండు మామూలు పెన్సిల్ సెల్స్‌తోనే సరిపెట్టుకునేది. మూత తెరిస్తే ముందుకు జరిగే దాని కీబోర్డు మీద వ్యాసాలు రాసుకున్న పత్రికా రచయితలున్నారు. కాని అది చొక్కా జేబులో పట్టేది కాదు. 1998లో సయాన్, నోకియా, ఎరిక్సన్ కలిసి సింబియన్ సంస్థను నెలకొల్పడంతో ఎపాక్ సెల్‌ఫోన్లలోకి కాపురం మార్చింది.

వేగానికీ పొదుపుకూ పామ్. విస్తృతికి విండోస్ సీఈ. కుదురైన రాతపనికి ఎపాక్. ఆనాటి తూకం స్థూలంగా ఇది.

ముగ్గురూ తప్పిన పరీక్ష

కాని బ్యాటరీ ఆగిపోతే ఏమి మిగులుతుందని అడిగి చూడండి. ఆనాటి ఈ యంత్రాలన్నీ మన రాతలను ర్యామ్ అనే జ్ఞాపకంలో దాచేవి. అది వేగవంతమైనది, కాని నిరంతరం విద్యుత్తు తాగుతూ ఉండాలి. ధార తెగితే నీటి మీద రాత. సెల్స్ మార్చేటప్పుడు పామ్‌కు సుమారు ఒక నిమిషం గడువుండేది. కొన్ని యంత్రాలలో గుండీ వంటి చిన్న సెల్ అదనంగా కాపలా కాసేది. విద్యుత్తు లేకున్నా నిలిచే ఫ్లాష్ జ్ఞాపకం అప్పటికే ఉన్నది, కాని ఖరీదు ఎక్కువ. దానిలో తరచు రాయడం నిదానం. మన రాతలను ఫ్లాష్‌లో నిలిపే పద్ధతి పామ్ టంగ్‌స్టన్ టీ5లో 2004లోనూ, విండోస్ మొబైల్ 5లో 2005లోనూ గాని రాలేదు.

మరి తయారీదారులు ఇంత ప్రమాదాన్ని ఎలా ఉపేక్షించారు? వారి సమాధానం తేలికైనది: పీఠం మీద యంత్రాన్ని నిలిపి ఒక్క మీట నొక్కితే, సమస్తం బల్ల మీది కంప్యూటరులోకి నకలవుతుంది. జేబు యంత్రం పోయినా ఇంట్లో ప్రతి ఉంటుంది. నిజమే. కాని ఇంట్లో కంప్యూటరు ఉంటేకదా! తెనాలి బీమా ఏజెంటు ఇంట్లో 2001లో అది లేదు. వ్యవస్థలోని లోపం ఏ పరికరంలోనూ లేదు. వాడేవాడు ఎవరన్న ఊహలో ఉన్నది.

మన దేశంలో ఆ ఊహను మార్చి చూసినవారున్నారు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఆచార్యులు, ఎన్‌కోర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు కలిసి సిమ్‌ప్యూటర్ అనే యంత్రాన్ని రూపొందించారు. దానిలో లైనక్స్ వ్యవస్థ ఉన్నది. ఒకే యంత్రాన్ని ఊరివారంతా వాడుకోవచ్చు. ఎవరి వివరాలు వారి స్మార్ట్ కార్డులో ఉంటాయి. చదువు రానివారికి భారతీయ భాషలలో చదివి వినిపించడం కూడా దాని ఆశయాలలో ఒకటి. ఒక నమూనా 2004లో విపణిలోకి వచ్చింది. ఆశించినంతగా అమ్ముడుపోలేదు. కాని అడగవలసిన ప్రశ్నను అది అడిగింది. పామ్ యంత్రంలో మా అన్నయ్య సుబ్బారావు పేరును సైతం రోమన్ అక్షరాలలోనే రాసుకోవలసి వచ్చిందని గుర్తుంచుకుంటే ఆ ప్రశ్న విలువ తెలుస్తుంది.

గెలిచినవారెవరు?

ఎవరూ గెలవలేదు. 2006లో పామ్ కంపెనీయే తన ట్రియో ఫోనులో ప్రత్యర్థి విండోస్‌ను పెట్టి అమ్మింది. 2007లో ఐఫోను, 2008లో ఆండ్రాయిడ్ ఫోను వచ్చాయి. దినచర్య యంత్రం ఫోనులో ఒక మూల చిన్న బొమ్మగా మిగిలింది. 2010లో పామ్‌ను హెచ్‌పీ కొన్నది. మరుసటి సంవత్సరమే ఆ యంత్రాల తయారీని ఆపింది. పామ్ చివరగా తయారు చేసిన వెబ్ ఓఎస్ చేతులు మారి ఎల్‌జీ టెలివిజన్లలోకి చేరింది. 2011లో నోకియా సింబియన్‌ను వదులుకుంటున్నట్లు ప్రకటించింది.

వ్యవస్థలు పోతాయి. వాటిలో మనం దాచినవి పోకూడదు. కనుక కొత్త యంత్రాన్ని గాని, కొత్త సౌకర్యాన్ని గాని నమ్ముకోబోయే పాఠకుడు మూడు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. ఇది ఆగిపోతే నా రాతలు ఎక్కడ ఉంటాయి? వాటిని మరొక యంత్రం చదవగల రూపంలో బయటకు తీసుకోగలనా? నా బదులు మా ఇంట్లో మరొకరు వాటిని తెరవగలరా? నేటి ఫోనులో బ్యాటరీ అయిపోతే రాత చెరగదు. కాని మరిచిపోయిన ఒక సంకేతపదం, మూతబడిన ఒక ఖాతా అదే పని చేయగలవు.

అన్నయ్య ఇప్పటికీ ఏజెంటుగానే ఉన్నాడు. పేర్లన్నీ ఫోనులో ఉన్నాయి. ప్రతి నెలా మొదటి ఆదివారం వాటిని అచ్చు తీయించి ఫైలులో పెడతాడు. వంటింట్లో క్యాలెండరు మారింది గాని, గళ్ళలో పెన్సిలు రాత మానలేదు. ఆటో డ్రైవరు పాలసీ గడువు తేదీ ఆ మూడు చోట్లా ఉన్నది.