నల్లగా ఉంటే చాలదు... మెరవకూడదు!

ఏళ్ల తరబడి దోసెలు పోసిన ఇనప పెనం నల్లగానే ఉంటుంది. కానీ దాన్ని కిటికీ దగ్గరకు తెచ్చి చూడండి, నూనె పట్టిన చోటల్లా నిగనిగలాడుతుంది. నలుపు వేరు, మెరుపు లేకపోవడం వేరు. పెనం మెరిస్తే దోసెకు వచ్చే నష్టమేమీ లేదు. అదే మెరుపు పిస్టల్ గొట్టం కొసన ఉండే చిన్న లోహపు ముక్క మీద కనిపిస్తే మాత్రం గురి తప్పుతుంది. అందుకే ఆ ముక్కని నల్లగా, మెరుపన్నది లేకుండా, ఆ నలుపు చెరిగిపోకుండా ఉంచడమెలా అన్నది షూటర్లనీ, పిస్టళ్లు తయారుచేసేవాళ్లనీ నూరేళ్లకు పైగా వేధిస్తున్న ప్రశ్న.

ఇంత చిన్న విషయానికి అంత హైరానా ఎందుకంటారా? 2024 జులై 28న పారిస్ ఒలింపిక్స్‌లో జరిగిన పది మీటర్ల ఎయిర్ పిస్టల్ ఫైనల్‌ని గుర్తుచేసుకోండి. మను భాకర్ 221.7 పాయింట్లతో కాంస్యం గెలిచింది. ఆ దశలో ఆమె కన్నా ముందున్న దక్షిణ కొరియా అమ్మాయి కిమ్ యె-జి స్కోరు 221.8. అంటే రజతానికీ కాంస్యానికీ మధ్య తేడా 0.1 పాయింటు!

వెంట్రుక కన్నా సన్నం

ఆ 0.1 ఎంతో లెక్కవేసి చూద్దాం. పది మీటర్ల దూరంలో ఉండే లక్ష్యం మధ్యలోని 10 రింగు వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. అంటే సుమారుగా చొక్కా గుండీ అంత. ఫైనల్లో దశాంశాలతో లెక్కిస్తారు కాబట్టి ఒక్కో 0.1 పాయింటుకి లక్ష్యం మీద దూరం 0.8 మిల్లీమీటర్లు మాత్రమే.

ఇప్పుడు పిస్టల్ దగ్గరకు వద్దాం. ఎన్‌సీసీలో చేరి రైఫిల్ పట్టినవాళ్లకి ఫోర్‌సైట్, బ్యాక్‌సైట్ అనే మాటలు గుర్తుండే ఉంటాయి. గొట్టం కొసన నిలబెట్టిన పలకలాంటి ముక్క ముందు సైటు. కంటికి దగ్గరగా, నలుచదరపు గాడితో ఉండేది వెనక సైటు. ఆ గాడి మధ్యలో ముందు సైటు సరిగ్గా కూర్చోవాలి. రెండింటి పైఅంచులూ ఒకే గీతలో ఉండాలి. రెండు పక్కలా కనిపించే తెల్లటి సందులు సమానంగా ఉండాలి. నలుచదరపు గాడి, చదును పైఅంచు ఉన్న ఈ అమరికని 19వ శతాబ్దం చివర్లో పాట్రిడ్జ్ అనే అమెరికన్ షూటర్ ప్రచారంలోకి తెచ్చాడు. ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు.

రెండు సైట్ల మధ్య దూరం ఒక జానెడున్నర, సుమారు 33 సెంటీమీటర్లు అనుకుందాం. లక్ష్యం పది మీటర్ల దూరంలో ఉంది. అంటే సైటు దగ్గర జరిగిన పొరపాటు అక్కడికి వెళ్లేసరికి 30 రెట్లు పెరుగుతుంది. లక్ష్యం మీద 0.8 మిల్లీమీటర్ల తేడా రావాలంటే సైటు దగ్గర 0.03 మిల్లీమీటర్ల కన్నా తక్కువ తేడా చాలు. తలవెంట్రుక మందం కూడా అంతకన్నా ఎక్కువే ఉంటుంది!

వెలుతురు చేసే మోసం

గురి చూసేటప్పుడు షూటర్ చూపు లక్ష్యం మీద ఉండదు, ముందు సైటు మీద ఉంటుంది. లక్ష్యం కాస్త మసకగా కనిపించినా ఫర్వాలేదు, సైటు అంచులు మాత్రం కత్తితో కోసినట్టు కనిపించాలి. వెనకున్న తెల్లటి అట్ట మీద నల్లటి పలక... కన్ను చూసేది ఆ నలుపు తెలుపుల సరిహద్దునే.

సరిగ్గా అక్కడే దీపం మోసం చేస్తుంది. కుడివైపు నుంచి వెలుతురు పడి సైటు కుడి అంచు మెరిసిందనుకోండి. ఆ మెరిసిన భాగాన్ని కన్ను వెనకున్న తెలుపులో కలిపేసుకుంటుంది. సైటు కాస్త సన్నగా, కాస్త ఎడమకు జరిగినట్టు కనిపిస్తుంది. దాన్ని మధ్యలోకి తేవాలని షూటర్ తనకు తెలియకుండానే పిస్టల్ కొసని కుడివైపు జరుపుతాడు. గుండు కూడా కుడివైపే పోతుంది. దీపం పైనుంచి పడితే పైఅంచు కరిగిపోయినట్టు కనిపిస్తుంది, కొస పైకి లేస్తుంది. చెయ్యి వణకలేదు, ఊపిరి బిగపట్టడంలో లోపం లేదు. అయినా గురి తప్పింది. పైగా తప్పు ఎక్కడుందో షూటర్‌కి కూడా తెలియదు. ఒక్కో రేంజిలో దీపాలు ఒక్కో చోట ఉంటాయి కాబట్టి నిన్న సరిగా పడిన గురి ఇవాళ పక్కకి పోతుంది.

మసిని మించింది లేదు

దీనికి పాతకాలం షూటర్లు కనిపెట్టిన మందు మసి. కార్బైడు దీపం వెలిగించి, దాని పొగమంటని సైటుకి చూపించేవాళ్లు. మామిడికాయల్ని దొంగచాటుగా మగ్గబెట్టడానికి వాడుతున్నారని మనం తిట్టుకునే కాల్షియం కార్బైడే అది. నీళ్లు తగిలితే దాన్నుంచి ఎసిటిలిన్ వాయువు వస్తుంది. గాలి చాలకుండా మండితే అది బోలెడు మసి కక్కుతుంది. కర్పూరం పొగ వాడినవాళ్లూ ఉన్నారు. హారతి పళ్లెం అడుగున పట్టే మసిని చూసినవాళ్లకి ఆ నలుపు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

మసిలో ఏముంది అంత గొప్ప? బొగ్గు రేణువులు కంటికి కనిపించనంత చిన్నవిగా, గొలుసుల్లా, గుబురుల్లా పేరుకుంటాయి. వాటి మధ్య అన్నీ ఖాళీలే. లోపలికి దూరిన వెలుతురు ఒక రేణువు నుంచి ఇంకో రేణువుకి తగులుతూ తిరిగి తిరిగి అక్కడే అణగిపోతుంది. దట్టమైన తుమ్మ పొదలోకి విసిరిన బంతి బయటికి రానట్టే. అంటే మసి మెరవకపోవడానికి కారణం దాని రంగు ఒక్కటే కాదు, దాని గరుకుదనం కూడా.

ఇది మన ఇళ్లల్లో అందరికీ తెలిసిన సంగతే. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి పట్టిన మసి, పొడిగా ఉన్నంతసేపూ వెలవెలబోతూ ఉంటుంది. అందులో నాలుగు చుక్కలు ఆముదం వేసి రంగరించగానే నిగనిగలాడే కాటుక అవుతుంది. బొగ్గు అదే. ఖాళీలు నూనెతో నిండి పైభాగం నున్నగా అయ్యేసరికి మెరుపు వచ్చేసింది.

మరి మసితోనే సరిపెట్టుకోవచ్చు కదా? వేలు తగిలితే ఊడిపోతుందే! పిస్టల్‌ని పెట్టెలో పెట్టి తీస్తే చాలు, సగం మసి పెట్టెకే అంటుకుంటుంది. పోటీ మధ్యలో సగం ఊడిన మసి, అసలు మసి లేకపోవడం కన్నా ప్రమాదం. ఒక అంచు నల్లగా, ఇంకో అంచు తెల్లగా కనిపిస్తుంది మరి.

ఎంత నలుపైతే అంత సుకుమారం! 2014లో బ్రిటన్‌లోని సర్రే నానోసిస్టమ్స్ సంస్థ వాంటాబ్లాక్ అనే పూతని ప్రపంచానికి చూపించింది. కార్బన్‌తో చేసిన అతి సన్నటి గొట్టాలు అడవిలో చెట్లలా నిటారుగా నిలబడి ఉంటాయి అందులో. మీద పడిన వెలుతురులో 99.965 శాతాన్ని మింగేస్తుంది. కానీ చేత్తో తాకితే ఆ గొట్టాలు నలిగిపోతాయి, నలుపు పాడవుతుంది. టెలిస్కోపుల లోపల, ఎవరూ ముట్టుకోని చోట అయితే సరే. చేతిలో పట్టుకుని రోజంతా వాడే పిస్టల్‌కి కుదరదు.

రంగు వేస్తే?

అయితే చక్కగా నల్లరంగు వేసేస్తే పోలా అనిపిస్తుంది. చాలామంది మొదట చేసే పని కూడా అదే. కానీ రంగుతో రెండు చిక్కులు. ఒకటి మెరుపు. నున్నటి రంగు పొర ఎంత నల్లనిదైనా, ఎదురుగా పడిన వెలుతురులో నూటికి నాలుగు వంతుల దాకా పైపై నుంచే తిప్పికొడుతుంది. వెలుతురు ఏటవాలుగా పడితే అది ఇంకా పెరుగుతుంది. మెరవని రకం రంగులు ఆ వెలుతుర్ని నలుదిక్కులా చెదరగొడతాయి కాబట్టి కొంత నయం.

రెండోది మందం. స్ప్రేతో పల్చగా కొట్టిన ఒక్క పొర సుమారు 0.025 మిల్లీమీటర్లు ఉంటుంది. పైన వేసిన లెక్క గుర్తుందా? రజతానికీ కాంస్యానికీ మధ్య తేడా సైటు దగ్గర దాదాపు అంతే! రెండు పక్కలా సమానంగా ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. కానీ రంగు పదునైన అంచుల దగ్గర నిలవదు, మూలల్లో పేరుకుంటుంది. ఒక పక్క పెచ్చు ఊడిందంటే సైటు ఆకారమే మారిపోయినట్టు. అదీగాక తుపాకీ శుభ్రం చేసే ద్రావకాలు తగిలితే మామూలు రంగు కరిగిపోతుంది.

ఇనుము తనే నల్లబడితే...

అందుకని తయారీదారులు ఇంకో దారి పట్టారు. పైనుంచి నలుపు పూయడం కాకుండా, లోహమే తనంతట తాను నల్లబడేలా చేయడం. కాస్టిక్ సోడా, నైట్రేటు లవణాలు కలిపిన ద్రావణాన్ని 140 డిగ్రీల సెల్సియస్ దాకా మరిగించి అందులో ఉక్కు ముక్కని ముంచుతారు. ఉక్కు ఉపరితలం మాగ్నెటైట్ అనే నల్లటి ఇనప ఆక్సైడుగా మారుతుంది. మామూలు తుప్పు ఎర్రగా, పొరలుగా రాలిపోతే ఇది నల్లగా, గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది. పొర మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు అటూఇటూ. కొలతలేవీ మారవు. దీన్నే బ్లూయింగ్ అంటారు.

ఇందులోనూ ఓ తిరకాసు ఉంది. అంత పల్చటి పొర కింద ఉన్న ఉపరితలాన్ని దాచలేదు. అద్దంలా మెరుగుపెట్టిన ఉక్కుని నల్లబరిస్తే నల్లటి అద్దమే వస్తుంది. పైగా ఆ పొర ఒక్కటే తుప్పుని ఆపలేదు కాబట్టి మీద నూనె రాయాలి. నూనె రాస్తే మళ్లీ మెరుపు! వాన వెలిసిన సాయంత్రం తారురోడ్డు తళతళలాడేది ఇందుకే. గరుకు కంకర మధ్య సందులన్నీ నీళ్లతో నిండి నున్నగా అవుతాయి.

సీసాలో దొరికే చల్లటి బ్లూయింగ్ మందుల్లో సెలీనియం లవణాలు ఉంటాయి. రుద్దగానే నలుపు వస్తుంది కానీ తొందరగా అరిగిపోతుంది. ఆ మందులు విషపూరితం కూడా. స్టెయిన్‌లెస్ స్టీలు మామూలు బ్లూయింగ్‌కి లొంగదు. అల్యూమినియం సైట్లయితే విద్యుత్తుతో ఆక్సైడు పొర పెంచి, దాని సూక్ష్మ రంధ్రాల్లోకి నల్లరంగు ఇంకేలా చేస్తారు. ఇది గట్టిగానే ఉంటుంది.

బీదరు మట్టి చెప్పిన పాఠం

లోహాన్నే నల్లబరిచే ఈ విద్య దక్కన్‌కి కొత్తేమీ కాదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ హుక్కాలు, కూజాలు చూసే ఉంటారు. జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోసిన పాత్ర మీద వెండి తీగలు పొదుగుతారు. చివర్లో బీదరు పాత కోట మట్టిని నవాసారంతో కలిపి ఆ ముద్దతో రుద్దుతారు. జింకు భాగం కారునలుపు తిరుగుతుంది, వెండి మాత్రం తెల్లగా అలాగే ఉంటుంది. పైపూత కాదు కాబట్టే వందల ఏళ్ల నాటి పాత్రల మీద ఆ నలుపు ఇప్పటికీ నిలిచి ఉంది. ఆ నలుపు ఇంకా చిక్కగా కనిపించాలని బిద్రీ కళాకారులు ఆఖర్న నూనె రుద్దుతారు. పిస్టల్ సైటుకి సరిగ్గా ఆ ఆఖరి పనే పనికిరాదు!

ముందు గరుకు... తర్వాతే నలుపు

ఇన్ని తిప్పలూ పడ్డాక అనుభవజ్ఞులు తేల్చిన సారాంశం ఒక్కటే. మెరుపుని చంపేది రంగు కాదు, ఉపరితలం. కాబట్టి నల్లబరచడానికి ముందే సైటుని సన్నటి ఇసుకలాంటి పొడితో గాలి ఒత్తిడి మీద కొట్టి, కంటికి ఆననంత గరుకుగా చేయాలి. జిడ్డు పూర్తిగా తీసేయాలి, వేలిముద్ర కూడా ఉండకూడదు. ఆ తర్వాత లోహాన్ని నల్లబరచాలి. సైన్యాల తుపాకుల మీద వాడే మాంగనీసు ఫాస్ఫేటు పూత ఇందుకు బాగా పనికొస్తుంది. అది స్ఫటికాలుగా పేరుకుంటుంది కాబట్టి సహజంగానే గరుకుగా ఉంటుంది. ఆపైన మెరవని రంగు అతిపల్చగా వేస్తే ఆ గరుకుని పట్టుకుని చాలాకాలం నిలుస్తుంది.

ఆకారమూ సాయం చేస్తుంది. కంటివైపు ఉండే సైటు ముఖాన్ని నిటారుగా కాక, పైఅంచు కంటివైపు కాస్త వాలేలా చెక్కుతారు. అప్పుడు పైనుంచి పడే వెలుతురు ఆ ముఖాన్ని తాకదు, తన నీడలోనే తను ఉంటుంది. కొన్నిటి మీద అడ్డంగా సన్నటి గాళ్లు కూడా గీస్తారు.

ఇంత చేసినా పోటీ రోజు ఉదయం కాస్త మసి పట్టించుకునే షూటర్లు ఇప్పటికీ ఉన్నారు. గట్టి నలుపు ఏడాది పొడవునా సైటుని కాపాడుతుంది. మసి ఆ గంటసేపు అంచుని కాపాడుతుంది. దేని పని దానిదే.

హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 2023లో పిస్టల్‌తోనే నాలుగు పతకాలు తెచ్చాక ఇళ్లల్లో పిల్లలు షూటింగ్ నేర్చుకుంటామని అడగడం వింతేమీ కాదు. అలాంటి ఇళ్లల్లో పెద్దవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. మరిగే కాస్టిక్ సోడా, ఎసిటిలిన్ మంట ఇంట్లో చేసుకునే పనులు కావు. సైటుని విప్పడం, నల్లబరచడం రేంజిలో ఉండే ఆర్మరర్‌కి అప్పగించాలి. పిల్లలు చేయాల్సింది చాలా తేలిక. రేంజికి వెళ్లగానే దీపాలు ఎటున్నాయో చూసుకోవాలి, సైటు అంచు ఎక్కడైనా మెరుస్తోందేమో కనిపెట్టాలి, నూనె చేతులతో దాన్ని ముట్టుకోకూడదు. గుండ్లన్నీ ఒకే పక్కకి పోతుంటే చేతిని తిట్టుకునే ముందు ఒకసారి దీపం వైపు చూడాలి.