శవాల దగ్గర బేరాలు ఆపాలి

2025 ఫిబ్రవరి 5న హైదరాబాద్ ఎల్బీనగర్ చంద్రపురి కాలనీలో సెల్లార్ తవ్వుతుండగా మట్టి విరిగిపడి ముగ్గురు కూలీలు చనిపోయారు. ఎల్బీనగర్, మన్సూరాబాద్, నాగోల్ ప్రాంతాల్లో పొద్దున్నే అడ్డాల మీద నిలబడేవాళ్లు ఎవరో మన సభ్యులకు తెలుసు. బోరు ఎండి, పత్తి దెబ్బతిని, కౌలు కట్టలేక ఊరు దాటినవాళ్లు వాళ్లలో ఎందరో. పాసుపుస్తకం ఇంట్లో, మనిషి అడ్డా మీద. మన్సూరాబాద్ కూడా ఒకప్పుడు పొలాల ఊరే. ఇప్పుడు అక్కడ తవ్వేది పునాదుల కోసం, తవ్వేది పొలం వదిలిన మనిషి. అందుకే దీన్ని పట్నం వార్త అనుకొని పక్కన పెట్టలేం.

మట్టి సంగతి రైతుకు తెలుసు. బావి తవ్వేటప్పుడు ఒడ్డును నిటారుగా కోసి వదిలెయ్యం. వాలు ఇస్తాం, మెట్లుగా దిగుతాం, తీసిన మట్టిని అంచు మీదే కుప్పపోయం. భారతీయ ప్రమాణం ఐఎస్ 3764 చెప్పేదీ దాదాపు ఇదే: ఒకటిన్నర మీటరు దాటి లోతుకు పోతే పక్కలకు ఆధారం ఉండాలి, తీసిన మట్టి అంచుకు దూరంగా ఉండాలి. పట్నంలో ఇది ఎందుకు సాగదు? గజం ధర వల్ల. వాలు ఇస్తే జాగా పోతుంది, పక్కలకు దన్ను కడితే ఖర్చూ, రోజులూ. ప్లాటు హద్దు దాకా నిలువునా కోసి, ఆ గోడ కింద మనిషిని దింపుతారు. ఆదా అయ్యేది యజమానికి, అపాయం కూలీకి.

అప్పట్లో రాష్ట్రమంతా ఎస్ఎల్‌బీసీ సొరంగం వైపు చూసింది. 2025 ఫిబ్రవరి 22న ఎనిమిదిమంది అందులో చిక్కుకున్నారు. చూడాల్సిందే. కానీ సెల్లార్ గుంతలో ఒకరో ఇద్దరో పోతే అది జిల్లా పేజీలో నాలుగు వరుసలు. ఆ తర్వాత ఆస్పత్రి మార్చురీ ముందు ఏం జరుగుతుందో ఎవరూ రాయరు. మేస్త్రీ వస్తాడు, కాంట్రాక్టర్ మనిషి వస్తాడు, ఊరి పెద్దలు ఇద్దరు మధ్యలో కూర్చుంటారు. ఒక మొత్తం అనుకుంటారు, తెల్లకాగితం మీద వేలిముద్ర వేయిస్తారు, శవం ఊరికి బయలుదేరుతుంది. నిజం చెప్పాలంటే, ఆ మధ్యలో కూర్చునేవాళ్లలో కొన్నిసార్లు సంఘాల మనుషులూ ఉంటున్నారు. మంచి మనసుతోనే కూర్చుంటారు. కానీ ఆ బేరంలో నష్టపోయేది పోయిన మనిషి భార్యాపిల్లలే.

చట్టం ఏం చెబుతుందో చూడండి. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టమే 2025 నవంబరు దాకా అమల్లో ఉండేది. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమలుకు వచ్చింది. 1923 చట్టం 8వ సెక్షన్ ప్రకారం మరణం కేసులో పరిహారాన్ని కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాల్సి ఉండేది. నేరుగా కుటుంబం చేతిలో పెట్టిన డబ్బు పరిహారం చెల్లించినట్టు లెక్కకు రాదు. అడ్వాన్సుగా మూడు నెలల వేతనం మేరకు ఇచ్చినదాన్నే మినహాయించుకుంటారు. హక్కు వదులుకున్నామని రాయించుకున్న కాగితం అదే చట్టం 17వ సెక్షన్ ముందు నిలిచేది కాదు. అంటే ఇప్పటికే వేలిముద్ర వేసిన కుటుంబం కూడా ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఎంత వస్తుంది? నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చిస్తారు. 1923 చట్టం కింద వేతనాన్ని 15,000 వరకే లెక్కలోకి తీసుకునేవారు. 40 ఏళ్ల మనిషికి గుణకం 184.17. ఏడున్నర వేలను దానితో హెచ్చిస్తే 13,81,275 రూపాయలు. మార్చురీ ముందు అనుకునే మొత్తాన్ని దీని పక్కన పెట్టి చూడండి. 1923 చట్టం కింద నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే సగం దాకా జరిమానా కూడా పడేది. ‘తాగి ఉన్నాడు, చెప్పినా వినలేదు’ అనే మాట మరణం కేసులో చెల్లదు. మేస్త్రీ పారిపోయినా తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టుకు ఇచ్చిన అసలు యజమానిని అడగవచ్చు. కేసు కోసం హైదరాబాద్ చుట్టూ తిరగాల్సిన పనీ లేదు, కుటుంబం ఉండే చోటే వేసుకోవచ్చు.

రైతుబీమా సంగతి వేరు. పట్టా ఉన్న 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో చనిపోయినా వచ్చే 5 లక్షలు అవి. ‘మీకు రైతుబీమా వస్తది కదా’ అని కాంట్రాక్టర్ తన బాధ్యత తగ్గించుకోవడానికి లేదు. అయితే ఆ బీమా కౌలు రైతుకు లేదు, భూమి లేని కూలీకి లేదు, చెయ్యి తెగినవాడికి లేదు. 2018 నుంచి అడుగుతున్నాం, ఇంకా అడుగుతాం.

ఇక్కడిదాకా చదివి తలూపినవాళ్లు మన కల్లాల వైపు కూడా చూడాలి. ట్రాక్టరుతో, మోటారుతో, కరెంటు యంత్రంతో చేసే సేద్యపు పని 1923 చట్టం రెండో షెడ్యూలులోనే ఉండేది. దమ్ము చేస్తుంటే కేజ్‌వీల్స్ దిగబడి ట్రాక్టరు వెనక్కి తిరగబడితే, నూర్పిడి మిషన్‌లో చెయ్యి పడితే, జీతం ఇచ్చే రైతే యజమాని. రెండెకరాల రైతు పదమూడు లక్షలు ఎక్కడ తెస్తాడని అడుగుతారు. తేలేడు. అందుకే ట్రాక్టరు బీమా ఒక్కరోజు కూడా లాప్స్ కానివ్వొద్దు. జీతానికి పెట్టుకున్న డ్రైవరుకు ఇవ్వాల్సిన పరిహారాన్ని మోటారు బీమా భరించేలా చూసుకోవాలి. మడ్‌గార్డు మీద కూర్చున్న కూలీకి మాత్రం ఆ బీమా వర్తించదని కోర్టులు చాలాసార్లు తేల్చాయి. ఆడకూలీలను అలా ఎక్కించుకొని పోవడం మన ఊళ్లలో మామూలైపోయింది. చట్టం సంగతి అటుంచి, అది ఆపాలి. పీటీఓ షాఫ్టు మీద కవర్ తీసి పక్కన పారేసే అలవాటు కూడా.

ప్రతి మండల కమిటీ ఒక మనిషికి ఈ పని అప్పగించాలని కోరుతున్నాం. ప్రమాదం వార్త అందిన రోజే అతను పోవాలి. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, వయసుకు ఆధార్, వేతనానికి రుజువు సంపాదించాలి. మేస్త్రీ ఫోన్‌పేలో కూలి పంపిన మెసేజ్ ఉన్నా పనికొస్తుంది. పోయినవాడి ఫోన్ జాగ్రత్తగా తీసిపెట్టమని ఇంటివాళ్లకు ముందే చెప్పాలి. ఆపైన కార్మిక శాఖ ఆఫీసులో దరఖాస్తు. గత రెండేళ్లలో మీ ఊరి నుంచి పనికి పోయి చనిపోయినవాళ్లు, కాలో చెయ్యో పోగొట్టుకున్నవాళ్లు ఉంటే, రాజీ కాగితం మీద సంతకం పడినా సరే, వివరాలు ఈ నెలాఖరులోగా జిల్లా కమిటీకి చేర్చండి.