ఉభయకుశలోపరి

ఉత్తరము మొదట “ఉభయకుశలోపరి” అని వ్రాయుట మన పెద్దలు నేర్పిన మర్యాద. రణరంగము నుండి వచ్చిన ఉత్తరమునకు అది మర్యాద మాత్రమే కాదు. పెక్కుసారులు అదియే సర్వస్వము. ఆ మాట తరువాత వ్రాయవలసిన దానిని సైనికుడు వ్రాయలేకపోయెను.

మొదటి ప్రపంచ యుద్ధములో ఫ్రాన్సునందు పోరాడిన భారతీయ సైనికులలో అక్షరము రానివారే ఎక్కువ. వారి మాటలను తోటివారు కాగితముపై పెట్టిరి. ఆ ఉత్తరములను తనిఖీ చేయుటకు ప్రభుత్వము బులోన్ రేవులో ఒక కార్యాలయము నడిపెను. దాని కన్ను కప్పుటకు సైనికులు తమవారిని నల్లమిరియాలనియు, తెల్లవారిని ఎర్రమిరియాలనియు సంకేతముగా వ్రాసిరి. నల్లమిరియాలు అయిపోయినవనగా మనవారు నేలకూలిరని అర్థము. తనిఖీదారులు ఇంగ్లీషులోనికి మార్చుకొన్న భాగములు నేటికిని లండనులో భద్రముగా ఉన్నవి. ఇల్లు చేరిన అసలు ఉత్తరములు చాలవరకు మాసిపోయినవి.

జఫర్‌గఢ్ వంటి ఊళ్ళకు ఇది పరాయి కథ కాదు. నేడు జనగామ జిల్లాలోనున్న ఈ ఊరు ఆనాడు నిజాము రాజ్యములోనిది. ఆ రాజ్యపు అశ్వికదళము మొదటి యుద్ధములో సూయజు, పాలస్తీనాలలో పనిచేసెను. 1941 డిసెంబరులో జపానువారు మలయాలోని కోటబారుపై దిగినప్పుడు అచటి విమానాశ్రయమునకు కాపలా ఉన్నది హైదరాబాదు పదాతిదళమే. ఆ రాజ్యములో పాలన, పై చదువులు ఉర్దూలో సాగెను. తెలుగు మాత్రమే ఎరిగిన ఇల్లాలికి మగని ఉత్తరము అందవలెనన్న, వ్రాయువాడొకడు, తనిఖీ చేయువాడొకడు, చదివి వినిపించువాడొకడు. ఇందరి నడుమ మనసులోని మాట ఎట్లు దాటును?

సైనికుడు ఇల్లు చేరగానే ఉత్తరములు ఆగును. అసలు బ్రతుకు అప్పుడే మొదలగును. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోగా బందీలైనవారిలో వేలమంది ఆజాద్ హింద్ ఫౌజులో చేరిరి. స్వాతంత్ర్యము వచ్చిన తరువాతను వారిని సైన్యములోనికి మరల తీసికొనలేదు. 1972 నాటి సమరయోధుల పింఛను పథకములో గాని వారికి చోటు దొరకలేదు. ఆ నడిమి సంవత్సరములలో వారు ఎట్లు బ్రతికిరో ఏ ఉత్తరమును చెప్పదు.

ఇది ఉపాధ్యాయులు, విద్యార్థులు పూనుకొనదగిన పని. సైనికుని ఇంటి పెట్టెలో పాత ఉత్తరము దొరికినచో దానికి ప్రతి వ్రాసికొని, అసలును ఇంటివారికే మర్యాదగా తిరిగి ఈయవలెను. ఉత్తరము లేనిచోట అతని బిడ్డలు, మనుమలు చెప్పు మాటలను వారి పలుకుబడిలోనే వ్రాసికొనవలెను. పరభాషా దస్త్రములలో మిగిలిన మన సైనికుని చరిత్రకు తెలుగులో తక్కిన సగమును చేర్చగలవారు వీరే.