గోడ మీద 160 గీత



మా హాస్టల్ వరండా గోడ మీద 160 దగ్గర ఒక గీత ఉంది. కానిస్టేబుల్ సెలక్షన్లలో ఏజెన్సీ ఎస్టీ అబ్బాయిలకు కావాల్సిన ఎత్తు అది. ఎప్పుడో సీనియర్లు గీసి వెళ్లారు. దాని కింద నిలబడి చూసుకోనివాళ్లు మాలో లేరు.

మొన్న ఒక జూనియర్ ఫోన్‌లో వీడియో చూపించి అడిగాడు: "అన్నా, హార్మోన్ ఆపే ఇంజెక్షన్ వేస్తే ఎత్తు పెరుగుతారంట. మా తమ్ముడు ఎనిమిదో తరగతి, పొట్టిగా ఉన్నడు. ఎడ్లను అమ్మయినా వేయిస్తనంటున్నడు మా బాపు."

ఆ రాత్రి కూర్చొని చదివాం. యుక్తవయసు హార్మోన్ల వల్లే పిల్లలు ఒక్కసారిగా పొడుగవుతారు. ఎముకల చివర ఎదిగే పొరను చివరికి మూసేసేది కూడా ఆ హార్మోన్లే. ఇంజెక్షన్ యుక్తవయసును ఆపి, ఆ మూసుకుపోవడాన్ని వాయిదా వేస్తుంది.

ఇది దొంగ మందు కాదు. ఆడపిల్లకు ఎనిమిదేళ్లలోపు, మగపిల్లాడికి తొమ్మిదేళ్లలోపు యుక్తవయసు లక్షణాలు కనిపిస్తే డాక్టర్లు పరీక్షలు చేసి ఇదే ఇస్తారు. మరి సరైన వయసులోనే ఎదుగుతున్న పొట్టి పిల్లలకు? 2003లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధనలో సగటున మూడున్నరేళ్లు మందు ఇస్తే అదనంగా పెరిగింది సుమారు 4 సెంటీమీటర్లు. ఎముకల గట్టిదనం తగ్గింది. దీన్ని మామూలుగా వాడొద్దని ఆ డాక్టర్లే చెప్పారు. పైగా అన్నేళ్లు తోటివాళ్లకు మీసాలొస్తుంటే వీడొక్కడు చిన్నపిల్లాడిలా ఉండాలి. అదెలా ఉంటుందో హాస్టల్ పిల్లలకు చెప్పాలా?

"ఉద్యోగమొస్తే బతుకు మారుతుంది, 4 సెంటీమీటర్లు తక్కువా?" అనొచ్చు. 159 దగ్గర ఆగి వెనక్కొచ్చిన అన్నలు మాలోనూ ఉన్నారు, ఆ బాధ తెలుసు. కానీ మిగతావాళ్లకు 167.6 ఉంటే మనకు 160 ఎలా అయింది? ఎవరి ఎముకలూ సాగదీయలేదు, రూలు మార్చారు. ఇంకా మార్చమని అడుగుదాం.

ఇంకోటి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు ఎస్టీ పిల్లల్లో 100కి దాదాపు 41 మంది వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదు. వాళ్లకు కావాల్సింది గుడ్డు, పాలు, పప్పు, కడుపుతో ఉన్న తల్లికి సరైన తిండి. అంగన్‌వాడీలో, హాస్టల్ మెనూలో అవి సక్రమంగా వస్తున్నాయా అని అడగాల్సింది మనమే.

జూనియర్‌కు చెప్పాం: ఎడ్లు అమ్మొద్దు. తమ్ముణ్ని ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల డాక్టర్‌కు చూపించండి. థైరాయిడ్ లాంటిదేమైనా ఉంటే తేలుతుంది. ఆర్నెల్లకోసారి ఎత్తు కొలిచి రాసిపెట్టండి.

మీ హాస్టల్‌లోనూ ఇలాంటి గీత ఉందా? మీరేమంటారో రాయండి.

జై ఆదివాసీ.